ఉదయం ఆరింటికి ఎవరు నిలబడతారు

ఫిబ్రవరి నెల, మూడో ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు. స్థలం మా ఊరి హైస్కూలు వరండా.

హాజరైనవారు: ప్రధానోపాధ్యాయిని. డ్రిల్ మేష్ట్రు గారి కూతురు. పాత ఆటగాళ్లు ఇద్దరు, ఒకతను సోలార్ పార్కులో కాపలా పని చేస్తాడు, ఇంకొకతను బలసముద్రం రోడ్డులో షేర్ ఆటో నడుపుతాడు. ఖోఖో ఆడే అమ్మాయిలు ఏడుగురు. నేను.

రానివారు: అమ్మాయిలు ఇద్దరు. ఒకమ్మాయికి జ్వరం. ఒకమ్మాయి గొర్రెల వెంట పోయింది.

పేర్లు డైరీలో ఉన్నాయి, ఇక్కడ వాటితో పని లేదు. రానివాళ్లను కూడా రాసిపెట్టడం నాకు మేష్ట్రు గారు నేర్పిన అలవాటు. ఎవరు వచ్చారో చూసుకుంటే ఆట గురించి తెలుస్తుంది, ఎవరు రాలేదో చూసుకుంటే ఊరి గురించి తెలుస్తుంది అనేవారు ఆయన.

ఆ సాయంత్రం తేలాల్సింది ఒక్కటే విషయం. మేష్ట్రు గారు పోయి అప్పటికి పద్దెనిమిది రోజులు. ఆయన ఏనాడో రిటైరయ్యారు. ఆయన తరువాత ఆ పోస్టులోకి వచ్చినవాళ్లు ఎవరూ నిలవలేదు. అందుకని ఆయనే, పిలవకుండానే, ప్రతి ఉదయం ఆరు గంటలకు స్కూలు వెనక అమ్మాయిలకు ఖోఖో నేర్పుతూ వచ్చారు. ఇప్పుడు పెద్దవాళ్లెవరూ లేకుండా ఆడపిల్లల్ని ఆ వేళప్పుడు గ్రౌండుకు రానివ్వలేనని ప్రధానోపాధ్యాయిని కన్నడంలో చెప్పారు, మాది కన్నడ రాష్ట్రంలోని తెలుగు ఊరు. ఆమె మాటలో తప్పేమీ లేదు. సోమవారం ఉదయం ఆరింటికి ఎవరో ఒకరు వచ్చి నిలబడితే ఆట ఉంటుంది. లేకపోతే ఉండదు. ఆ వేళకు ప్రతి పిల్లకూ ఇంట్లో ఒక పని కాచుకుని ఉంటుంది. కొళాయి దగ్గర బిందె పెట్టాలి, దొడ్డి ఊడ్చాలి. ఒకసారి ఆ పనిలో పడితే మళ్లీ విడిపించుకోవడం కష్టం. గొర్రెల వెంట పోయిన అమ్మాయి ఈ పద్దెనిమిది రోజుల్లోనే అలా పోయింది.

అందరూ మాట్లాడుతున్నంతసేపూ నేను రాసుకుంటూ కూర్చున్నాను. తల దించుకుని రాస్తూ ఉంటే నన్నెవరూ అడగరని నా ఆశ.

మేష్ట్రు గారు మా స్కూలుకు వచ్చిన ఏడు నేను ఎనిమిదో తరగతి. ఆయనది రాయచెర్లు పక్క గొర్రెల కాపరుల ఇల్లు. వాళ్ల నాన్నకు మా ఊరి పొలిమేరలో మూడెకరాల మెట్ట ఉండేది. స్కూలుకు గ్రౌండు లేదు. వచ్చిన నెలలోపలే ఆయన ఆ మూడెకరాల్లో ఒక చెక్కను నాన్నను అడిగి తీసుకున్నారు. వాళ్ల నాన్న శనక్కాయ వేసుకోవడానికి రెండెకరాలు మిగిల్చి, మిగిలినదాంట్లో రాళ్లు ఏరించారు. మేమే ఏరాం. సాయంత్రం స్కూలు విడవగానే వరుసగా కూర్చుని, రాయి చేతికి తగిలితే వెనక్కి విసురుతూ ముందుకు జరిగేవాళ్లం. ఆ రాళ్లతోనే చుట్టూ మోకాలెత్తు గోడ లేచింది.

ఖోఖో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. రెండు కంబాల నడుమ ఎనిమిది మంది వరుసగా గొంతుక్కూర్చుంటారు, ఒకరు ఇటు, ఒకరు అటు మొగం పెట్టి. తొమ్మిదోవాడు తరుముతాడు. వాడు ఒక దిక్కుకు అడుగు వేశాడంటే కంబం చేరేదాకా వెనక్కి తిరగకూడదు. తిరగాల్సి వస్తే కూర్చున్నవాడి వీపు తట్టి ఖో అనాలి, అప్పుడు వాడు లేచి తరుముతాడు. తప్పించుకునేవాడు మాత్రం ఎటైనా పోవచ్చు.

మేష్ట్రు గారు ఆటగాళ్లను పందెం పెట్టి ఎంచుకునేవారు కాదు. శనివారం మధ్యాహ్నం సైకిలు మీద మేత బీళ్లకు పోయి, పిల్లలు గొర్రెలను ఎలా మళ్లిస్తున్నారో ఒక బండ మీద కూర్చుని చూసేవారు. రెండోసారి నన్ను కూడా వెంట తీసుకుపోయారు. మంద ఒకటి పక్క చేలో పడబోతూ ఉంది. ఒక పిల్లవాడు దాని వెనక అరుచుకుంటూ పరిగెత్తాడు. ఇంకొకడు అరవకుండా, గట్టు మీదుగా అడ్డం పోయి, ముందు గొర్రె వచ్చేచోట నిలబడ్డాడు.

“చూసినావా? గొర్రె ఎనకాల ఉరికితే గొర్రె దొరకదప్పా,” అన్నారు. “అది యాడికి పోతాదో ఆడ మనం ముందే ఉండల్ల.”

ఆ రెండోవాడు తరువాత మూడేళ్లు మా జట్టులో ఆడాడు. పరుగులో వాడు నాకన్నా కొంచెమే మెరుగు. నేను మాత్రం ఆడలేకపోయాను. నాకు ఆట అర్థమవుతుంది, కాళ్లకు అర్థం కాదు. ఒకరోజు గోడ మీద కూర్చుని ఉంటే ఆయన తన చేతి గడియారం విప్పి నాకిచ్చారు. “ఉరకలేనోడు చూడనన్నా చూడల్ల గదప్పా. ఎవుడు ఎన్ని సెకండ్లు నిలిచినాడో రాయి,” అన్నారు.

రాశాను. మరుసటి రోజు ఆయన నా నోటు పుస్తకం తీసుకుని చాలాసేపు చూశారు. ఎప్పుడూ ముందుగా దింపే పిల్లవాణ్ణి ఆ రోజు చివరికి దింపారు, చివరివాణ్ణి ముందుకు తెచ్చారు. నేను రాసిన అంకెల మీద ఒక పెద్దమనిషి ఒక పని మార్చడం నా జన్మలో అదే మొదలు. ఆ నోటు పుస్తకం అయిపోయాక ఇంకొకటి కొన్నాను. దాంట్లో సెకన్లతో పాటు ఆ రోజు వాన పడిందా లేదా, ఎవరు కాలు బెణికించుకున్నారు, ఎవరింట్లో గొర్రె ఈనింది, ఇవి కూడా చేరాయి. అవే డైరీలయ్యాయి. ఇప్పటికీ రాస్తున్నాను.

నేను పీయూసీ అయ్యాక ఊరికే తిరుగుతుంటే, పావగడకు సైకిలు మీద తీసుకుపోయి గుమాస్తా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించింది ఆయనే. ఆ ఉద్యోగం కొన్నాళ్ల తరువాత నన్ను అదే స్కూలుకు తెచ్చింది. అప్పటినుంచి మేమిద్దరం ఒకే రిజిస్టరులో సంతకాలు పెట్టాం. ఆయన నాకన్నా పదేళ్లు పెద్ద. నేను ఎప్పుడూ సారూ అనే పిలిచాను. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ, ఏమప్పా అంటే నేనేనని ఊరందరికీ తెలుసు.

సాయంత్రం ఆట అయ్యాక ఇద్దరం ఆ రాళ్ల గోడ మీద కూర్చునేవాళ్లం. పాత ఆటల గురించి మాట్లాడుకునేవాళ్లం. నా దగ్గర అంకెలుండేవి, ఆయన దగ్గర మనుషులుండేవారు. ఫలానా ఏడు మధుగిరిలో మనవాడు ఎంతసేపు నిలిచాడు అని ఆయన అడిగితే నేను చెప్పేవాణ్ణి. వాడు ఎలా నిలిచాడో ఆయన చెప్పేవారు. కంబం దగ్గర ఎడమ భుజం దించి లోపలికి పోయేవాడనీ, నవ్వుతూ పరిగెత్తేవాడనీ, అలిసిపోయాడంటే నాలుక బయటపెట్టేవాడనీ. నేను అవేవీ రాసుకోలేదు. ఆయన ఉన్నారు కదా అనుకున్నాను. ఈ పద్దెనిమిది రోజుల్లో పాత డైరీలు తీసి చూస్తే అంకెలన్నీ చక్కగా ఉన్నాయి. వాటి పక్కన ఒక్క మొగమూ గుర్తుకు రావడం లేదు.

నా భార్య పోయి ఆరేళ్లు. ఆమె పోయినప్పుడు ఇంట్లో చోటు ఖాళీ అయింది. ఈయన పోయాక, నేను చెప్పేది సరో కాదో చెప్పే మనిషి లేకుండా పోయాడు. రెండూ ఒకటి కావు.

ఇక సోలార్ సంగతి రాయాలి. దీన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పార్కు వస్తుందని తెలిసిన ఏడు ఊళ్లో ప్రతి ఒక్కరూ కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవారు. కౌలు పత్రాలు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఉండేవి. నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. అప్పటికి శనక్కాయ వేసి చేతులు కాల్చుకోని ఇల్లు మా ఊళ్లో లేదు. వాన రాని భూమికి ఏటేటా కౌలు వస్తుందంటే వద్దనేవాళ్లెవరు? నాకు కూడా అది మంచి పనే అనిపించింది, ఇప్పటికీ చాలామందికి అది మేలే చేసిందని అంటాను. మేష్ట్రు గారు మాత్రం కాగితం తీసుకుని రాలేదు. చుట్టుపక్కల చేలవాళ్లందరూ సంతకాలు పెట్టారు. ఒకరోజు నేనే ఆయన ఇంటికి పోయి చెప్పాను. నడుమ మూడెకరాలు మిగిలితే చుట్టూ కంచె పడుతుందనీ, బండి దారి కూడా ఉండదనీ, పిల్లలు గ్రౌండుకు పోవాలంటే ఎవరి గేటు దగ్గరో నిలబడి అడుక్కోవాల్సి వస్తుందనీ. నేను చెప్పినవన్నీ నిజాలే.

ఆయన లోపలికి పోయి కౌలు కాగితం తెచ్చి నా ముందు పెట్టారు.

“నువ్వేమంటావప్పా?”

“పెట్టేది మేలు సారూ,” అన్నాను.

నా జేబులోంచి కలం తీసుకుని సంతకం పెట్టారు. కాగితంలో ఏముందో చదివి వినిపించమని అడగలేదు. ఊళ్లో నన్ను అలా అడగనిది ఆయనొక్కరే.

యంత్రాలు వచ్చి ఆ రాళ్ల గోడను ఒక పూటలో చదును చేశాయి. ఆ తరువాత ఇరవై రెండు రోజులు ఆయన మా వైపు రాలేదు. డైరీలో ఆ రోజులన్నిటి కింద ‘సారు రాలేదు’ అని ఉంది. ఇరవై మూడో రోజు పొద్దున భుజాన పార పెట్టుకుని వచ్చి, స్కూలు వెనక ముళ్ల జాలికంప కొడదాం రమ్మన్నారు. కోపమొచ్చిందా అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. కంప కొట్టి, వేళ్లు పెళ్లగించి, అక్కడ కొత్తగా కంబాలు పాతారు. అప్పటికి మగపిల్లలు ఖోఖో మానేసి సెల్‌ఫోన్లు, క్రికెట్టు పట్టారు. అడిగితే ఆడపిల్లలు వచ్చారు. ఈ ముసలాయన ఆడపిల్లలకేం నేర్పుతాడని ఒకరిద్దరు నవ్వారు. రెండేళ్లలో వాళ్లు తాలూకా ఆటల్లో గెలిచి వచ్చారు. బస్సులో నుంచి దిగుతూ ఆయన, ముందు నవ్వినవాళ్లను వెతికి మరీ పలకరించారు.

ఆయన పోయింది నిద్రలో. ఆ ఉదయం అమ్మాయిలు ఏడింటిదాకా గ్రౌండులో ఎదురుచూసి, ఎప్పుడూ లేనిది ఈ రోజు మేష్ట్రు ఆలస్యమని ముచ్చట్లు చెప్పుకుని, క్లాసులకు పోయారు. వాళ్లకు మొదటి పీరియడులో తెలిసింది.

వరండాలో మాటలు సాగుతున్నాయి. ఆటో నడిపే అతను ఉదయం ఆరింటికి సోలార్ కూలీలను ఎక్కించుకోవాలి, అదే అతని గిరాకీ వేళ. కాపలా అతనిది రాత్రి డ్యూటీ, ఎనిమిదింటిదాకా వదలరు. మేష్ట్రు గారి కూతురు హిందూపురంలో ఉంటుంది. కర్మ కోసం వచ్చి ఆగిపోయింది, సోమవారం బస్సుకు పోతోంది. ఎవరి అడ్డంకి వాళ్లు చెప్పుకున్నారు. అప్పుడు కాపలా అతను, ఎవరినీ చూడకుండా, ఒక సంగతి చెప్పాడు.

మేష్ట్రు గారు ఏడాది కింద ఒక మధ్యాహ్నం సోలార్ కంచె దగ్గరికి వచ్చారట. అంతకు ముందు కూడా వచ్చేవారట, కంచె బయట నిలబడి పోయేవారట. ఆ రోజు పైవాళ్లెవరూ లేకపోతే ఇతను లోపలికి తీసుకుపోయాడు. గ్రౌండు ఉండిన చోటికి పోయి, ఒక ప్యానెళ్ల వరుస కింద తల వంచి నిలబడ్డారట.

“బాధపడతాడేమో అనుకుంటి,” అన్నాడు కాపలా అతను. “ఆయప్ప నవ్వినాడు. ఇంత నీడ మన పిల్లోల్లకి ఆ పొద్దు దొరికింటే ఎండకి కండ్లు తిరిగి పడకుండా ఆడిందురు గదరా అనె. మళ్లీ పోతా పోతా, ఈ మాట గుమాస్తాకి చెప్పొద్దు, వాడు రాసుకుంటాడు, రాసుకొని బాధపడతాడు అనె.”

అందరూ నవ్వారు. కూతురు కూడా నవ్వి, చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. నేను కలం మూత పెట్టాను. ఆయన నాకు చెప్పని సంగతి ఒకటుందని అప్పుడే తెలిసింది. నాకు తెలియకుండా ఎన్నిసార్లు ఆ కంచె దగ్గరికి పోయారో, ఆ సాయంత్రాలు మా ఇంటికి వచ్చి ఏమీ జరగనట్టు ఎన్నిసార్లు టీ తాగారో నాకు తెలియదు. నా డైరీలో ఆ రోజులన్నిటి కింద ‘సారు వచ్చారు, బాగున్నారు’ అనే ఉంటుంది.

ప్రధానోపాధ్యాయిని టైము చూసుకున్నారు. అయితే ఏం చేద్దాం అన్నారు.

అమ్మాయిల్లో పెద్దది తలుపు చెక్కను ఆనుకుని నిలబడి ఉంది. “గుమాస్తా తాత ఉండాడు గదా మేడం,” అంది.

పక్కనున్న అమ్మాయి మోచేత్తో పొడిచింది. “తాతకి ఆట రాదే.”

“ఆట మనకొస్తాది. నిలబడేదానికి తాత చాలు.”

ఇంతమందిలో అంత తేలికగా తేల్చేసింది. నాకు ఒప్పుకోవాలని లేదు. ఆయన మొదటి గ్రౌండును నా మాట మీద పోగొట్టుకున్నారు. రెండోదాంట్లో ఆయన నిలబడిన చోట నేనెలా నిలబడేది? ఇది వాళ్లతో చెప్పేది కాదు. మోకాళ్ల నొప్పుల గురించి చెప్పాను. కుర్చీ వేయిస్తానన్నారు ప్రధానోపాధ్యాయిని. చివరికి, గొర్రెల వెంట పోయిన పిల్లను కూడా పిలుచుకు రమ్మని, అలా అయితే వస్తానని అన్నాను. అది సాకుగానే అన్నాను. ఆ పెద్దమ్మాయి మాత్రం తల ఊపి, సరే అంది.

ఇక గ్రౌండు సిద్ధం చేయాలి. ఈ పద్దెనిమిది రోజుల నడుమ స్కూలు వార్షికోత్సవం జరిగి, పందిరి వేయడానికి కంబాలు పీకి గుంతలు పూడ్చేశారు. గీతలేవీ మిగల్లేదు. కంబాలు వంటగది వెనక పడి ఉన్నాయి. పాత ఆటగాళ్లిద్దరూ గడ్డపార పట్టారు. నేను టేపు, తాడు, రూల్సు పుస్తకం తెచ్చాను. మేష్ట్రు గారు ఎప్పుడూ టేపు పట్టినవారు కాదు, అంగలతో కొలిచేవారు. ఆయన వేసిన కోర్టు స్కూలు గోడకు సరిగా ఉండేది కాదు, ఒక మూలకు వాలి ఉండేది. ఆఫీసు గది కిటికీలోంచి చూస్తే పాఠం పుస్తకం మీద వంకరగా పడిన కాగితంలా కనిపించేది. నేను ఎన్నోసార్లు చూశాను. ఆయనకు ఒక కంటికి పొర వచ్చి ఆపరేషను అయింది. వయసు మీద పడి గీత వంకర పోయిందని అనుకుని, నొప్పిస్తానేమోనని ఏ రోజూ అనలేదు. ఇప్పుడు దాన్ని సరిచేయడం ఆయనకు నేను చేయగలిగిన మర్యాద అనుకున్నాను. గోడ నుంచి రెండు చోట్ల సమానంగా కొలిచి, తాడు లాగి, మూలలు సరిచూసి గుర్తులు పెట్టాను.

ఆటో అతను గడ్డపార ఆపాడు. “సారు రవ్వంత మూలగా పెడతా ఉండె కదప్పా?”

“కండ్లు సరిగ్గా అగపడక అట్ల పెట్టినాడులే,” అన్నాను.

అతను మళ్లీ గడ్డపార ఎత్తాడు. చీకటి పడేలోగా రెండు కంబాలూ పాతాం. గీతలు సున్నంతో నేనే పోశాను. నిలబడి చూస్తే చాలా నీటుగా ఉంది. రూల్సు పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలా ఉంది.

సోమవారం ఉదయం ఐదూ యాభైకి నేను గ్రౌండులో ఉన్నాను. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. కుర్చీ వేయించారు, నేను కూర్చోలేదు. ఒకరొకరుగా ఎనిమిది మంది వచ్చారు. జ్వరం వచ్చిన పిల్ల రాలేదు. గొర్రెల పిల్ల వచ్చింది. ఆ రోజుకు వాళ్ల అవ్వ మందను తోలుకుపోయిందట, రేపటి సంగతి తెలియదట. ఎవరూ చెప్పకుండానే ముందుగా పరిగెత్తి ఒళ్లు వేడి చేసుకున్నారు. ఆ తరువాత కూర్చునేవాళ్లు కూర్చున్నారు, తరిమేవాళ్లు తరిమారు. నేను సెకన్లు రాశాను. నలభై నిమిషాలు అలా బాగానే గడిచింది. నేను చేయాల్సింది ఏమీ లేదని కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

పొద్దు పొడిచింది. మా స్కూలుకు పడమర, రోడ్డు దాటగానే, సోలార్ పార్కు మొదలవుతుంది. అక్కడివి పొద్దుతోపాటు తిరిగే ప్యానెళ్లు. ఉదయం పూట అన్నీ తూర్పుకు, అంటే మా వైపుకు, మొగం పెట్టి ఉంటాయి. స్కూలు గోడ తూర్పు పడమరలుగా ఉంది. నేను గోడకు సరిగా వేసిన కోర్టు కూడా అలాగే ఉంది. తూర్పు కంబం వైపు పరిగెత్తే పిల్లకు పొద్దు నేరుగా కళ్లల్లో పడింది. పడమర వైపు తిరిగితే ఎదురుగా ఆ ప్యానెళ్లన్నీ ఒక్కసారిగా మెరిశాయి. గొర్రెల పిల్ల తప్పించుకుంటూ పడమర కంబం దగ్గరికి పోయింది. తరిమే అమ్మాయి దాని వెనకే చేయి చాచి పోయి, కంబం కనిపించక, భుజంతో గుద్దుకుని పడిపోయింది.

నేను పోయేసరికి లేచి కూర్చుంది. చర్మం కొంచెం లేచింది. చేయి పైకెత్తమంటే ఎత్తింది, తిప్పమంటే తిప్పింది. ఏం కాలేదు తాతా అంది. అమ్మాయిలంతా చుట్టూ చేరి, ఆ పిల్లను కాదు, కంబాన్ని చూస్తున్నారు.

“ఏంది తాతా, ఇట్ల తిరిగితే పొద్దు కొడతాండాది, అట్ల తిరిగితే పానెల్లు కొడతాండాయి,” అంది పెద్దమ్మాయి. “సారు ఊరికే మూలగా పెట్టినాడా?”

ఆ కోర్టును అన్నేళ్లు కిటికీలోంచి చూశాను. ఆ వేళప్పుడు, ఆ గీత మీద, ఒక్కసారి కూడా నిలబడి చూడలేదు.

వాళ్లు నన్ను అడగలేదు, మందలించనూ లేదు. గొర్రెల పిల్ల పోయి వంటగదిలోంచి గడ్డపార తెచ్చింది. ఇద్దరు కంబం పట్టుకుని అటూ ఇటూ ఊపారు. పెద్దమ్మాయి వెనక్కి వెనక్కి నడిచి, ఒక చోట ఆగి, ఒక కన్ను మూసి చూసింది. సారు ఈడ నిలబడి ఆ నీళ్ల ట్యాంకు కాలు చూస్తా ఉండె అంది. రెండో కొసన నిడుగల్లు కొండ కొన చూస్తా ఉండె అని ఇంకొకమ్మాయి అంది. కాదు, కొనకు కొంచెం ఎడంపక్క అని మూడో అమ్మాయి అంది. కాసేపు వాదులాడుకున్నారు. నేను టేపు తీయలేదు. వాళ్లు నిలబెట్టిన చోట నిలబడ్డాను. ఆ గీత మీద నుంచి చూస్తే ఒక వైపు కొండ, ఒక వైపు ట్యాంకు. పొద్దు పక్కకు పోయింది. ప్యానెళ్లు రెండో పక్కకు పోయాయి, తల తిప్పితే తప్ప కనిపించవు. సారు పాత గ్రౌండు కూడా ఆ ప్యానెళ్ల వైపే ఉంది. మెరుపు కళ్లల్లో పడకూడదనే అలా వేశారో, ఆ చోటు కనపడకూడదని కూడా అలా వేశారో, అడుగుదామంటే అడగడానికి ఎవరున్నారు.

కొత్త గుంత నేల గట్టిగా ఉండి ఆలస్యమైంది. వంతులవారీగా తవ్వారు. భుజం తగిలిన అమ్మాయి కుర్చీలో కూర్చుని, వీళ్లు సరిగా తవ్వడం లేదని తిడుతూ ఉంది. కంబం నిలిచిందో లేదో చూడటానికి నన్ను పట్టుకోమన్నారు. రెండు చేతులతో పట్టుకున్నాను. వాళ్లు చుట్టూ మట్టి పోసి కాళ్లతో తొక్కారు.

“వదిలేద్దునా?” అన్నాను.

“ఇంగా వద్దు తాతా, పట్టుకో,” అన్నారు.